వీధి రోడ్డు, కాలిబాట బాగుండాలంటే: గుంత పడకముందే మొదలుపెట్టాల్సిన పనులు

రోడ్డు మీద గుంత పడితే ఫోటో తీస్తాం, ఫిర్యాదు చేస్తాం. ఎవరో వచ్చి నాలుగు తట్టల తారు కంకర పోసి, పారతో రెండు దెబ్బలు కొట్టి వెళ్తారు. తర్వాతి వానకు అది లేచిపోతుంది. మళ్లీ ఫోటో, మళ్లీ ఫిర్యాదు. ఇందులో అధికారుల అలసత్వం ఎంతో కొంత ఉంటుంది గానీ, మనం అడిగే తీరులోనూ లోపం ఉంది. రోడ్డు చెడిపోవడంలో గుంత చిట్టచివరి దశ. అంతకు చాలా ముందే నిలిచిన నీరు, నెర్రెలు, విరిగిన అంచులు హెచ్చరిస్తూనే ఉంటాయి. ఆ దశలోనే పని అడగడం తెలిస్తే అదే డబ్బుతో రోడ్డు ఎక్కువ కాలం నిలుస్తుంది. అది ఎలాగో వరుసగా చెబుతాను. ఒక్కరే చేయొచ్చు, వీధిలో ముగ్గురు నలుగురు కలిస్తే ఇంకా తేలిక.

రోడ్డు ఎవరిదో ముందు తేల్చుకోండి

ఒకే వీధిలో తారు భాగం ఒక శాఖది, పక్క కాలువ మరొకరిది, మ్యాన్‌హోల్ మూత మురుగునీటి విభాగానిది, కాలిబాట మధ్యలో నిలబడ్డ స్తంభం విద్యుత్ సంస్థది అయి ఉండవచ్చు. ప్రైవేటు లేఅవుట్‌లో వేసిన రోడ్డు అయితే స్థానిక సంస్థకు ఇంకా అప్పగించకపోయి ఉండవచ్చు. అమెరికాలోని చాలా నగరాల్లో ఇంటి ముందు కాలిబాట మరమ్మతు ఆ ఇంటి యజమాని బాధ్యతే. కాబట్టి స్థానిక సంస్థ ఇంజినీరింగ్ విభాగానికి వెళ్లి మీ వీధి వాళ్ల రోడ్ల జాబితాలో ఉందా అని అడగండి. ‘ఇది మాది కాదు’ అంటే మరి ఎవరిదో రాతపూర్వకంగా ఇమ్మనండి. ఆ ఒక్క కాగితం తర్వాత చాలా తిరుగుళ్లు తప్పిస్తుంది.

ఇంకో మూడు విషయాలు అక్కడే అడిగి రాసుకోండి: రోడ్డు చివరిసారి ఎప్పుడు వేశారు, ఎవరు వేశారు, కాంట్రాక్టరు సొంత ఖర్చుతో లోపాలు సరిదిద్దాల్సిన గడువు ఎప్పటి వరకు ఉంది. గడువు ఇంకా ఉంటే మరమ్మతుకు ప్రజల సొమ్ము ఖర్చు పెట్టాల్సిన పనే లేదు. ఈ సంగతి ఆ కార్యాలయంలోనే కొందరికి గుర్తుండదు, గుర్తున్నా కొందరు చెప్పరు.

వానలో ఒకసారి, ఎండలో ఒకసారి నడవండి

రోడ్డును లోపలి నుంచి తినేసేది నీరు. పై పొర పగలనంత కాలం కింది కంకర పొర పొడిగా, గట్టిగా ఉండి బరువు మోస్తుంది. నెర్రె పడి నీరు దిగిందంటే ఆ పొర మెత్తబడుతుంది. చక్రం మీదుగా వెళ్లిన ప్రతిసారీ లోపలి నీరు ఒత్తిడికి చిమ్ముతూ సన్నని మట్టిని బయటికి తోసేస్తుంది, తారును రాయి నుంచి విడదీస్తుంది. లోపల బోలుగా మారిన చోట పై పొర కుంగి విరుగుతుంది. మంచు కురిసే ప్రాంతాల్లో ఇంకో బాధ: నీరు గడ్డకట్టేటప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, ఉన్న నెర్రెను మరింత చీలుస్తుంది.

అందుకే మొదటి పరిశీలన వాన వెలిసిన అరగంటకు చేయండి. నీరు ఎక్కడ నిలిచింది? రోడ్డు నడుమ మిట్టగా ఉండి, రెండు అంచులకూ మీటరుకు 2 నుంచి 3 సెంటీమీటర్ల వాలు ఉండాలి. ఆ వాలు పోయిన చోట మడుగు కడుతుంది. కాలువలోకి నీరు దిగే జాలీ మూసుకుపోయిందా? పక్కనున్న మట్టి, గడ్డి రోడ్డు కంటే ఎత్తుగా పెరిగి నీటిని అంచు దగ్గరే ఆపేస్తున్నాయా? ఇంటి పైకప్పు నీరు, నీళ్ల గొట్టం నుంచి కారే నీరు రోజూ ఒకే చోట పడుతోందా? వాన లేని రోజు కూడా తడిగా ఉండే చోటు కనిపిస్తే నేల కింద పైపు కారుతోందని అనుమానించండి. అక్కడ ఎన్నిసార్లు తారు పోసినా నిలవదు. కప్పు కారుతుంటే కింద గిన్నె పెట్టి ఊరుకున్నట్టే అవుతుంది.

రెండో పరిశీలన ఎండలో. ఉదయం గానీ సాయంత్రం గానీ ఏటవాలు వెలుతురు ఉన్నప్పుడు నెర్రెలు, పల్లాలు బాగా కనిపిస్తాయి. నెర్రె ఆకారాన్ని బట్టి కారణం చాలా వరకు తెలిసిపోతుంది. పొడుగ్గా ఒంటరిగా సాగిన నెర్రె తరచుగా రెండు తారు పట్టీలు కలిసిన అతుకు దగ్గర పడుతుంది. రోడ్డుకు అడ్డంగా సమాన దూరాల్లో పడేవి ఎక్కువగా వేడికీ చలికీ తారు సాగి ముడుచుకోవడం వల్ల. ఈ రెండు రకాలనూ తారుతో మూసేస్తే పని అయిపోతుంది. మొసలి వీపులా చిన్న చిన్న గళ్లుగా విడిపోయిన నెర్రెలు మాత్రం వేరు. అక్కడ కింది పొర బలహీనపడింది, పైన ఎంత పూసినా దండగ, తవ్వి అడుగు నుంచి కట్టాల్సిందే. చక్రాలు నడిచే దారి పొడవునా రెండు చాళ్లు పడ్డాయంటే మోయగలిగిన దానికి మించి బరువు వెళ్తోందని గానీ, వేసినప్పుడు పొరలు సరిగా అణచలేదని గానీ అర్థం. అంచులు కొరికినట్టు విరిగిపోతుంటే పక్క మట్టి కోసుకుపోయి ఊతం లేకుండా పోయిందన్నమాట.

బరువు గురించి ఒక లెక్క గుర్తుంచుకోవాలి. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒట్టావా దగ్గర 1958 నుంచి 1960 వరకు ప్రత్యేకంగా వేసిన రోడ్లపై లారీలను తిప్పి పరీక్షించారు. ఇరుసు మీది బరువు పెరిగే కొద్దీ రోడ్డుకు జరిగే నష్టం దాదాపు దాని నాలుగో ఘాతం చొప్పున పెరుగుతుందని తేలింది. అంటే బరువు రెట్టింపైతే నష్టం సుమారు 16 రెట్లు. వీధిలో వందల కార్లు తిరగడం కన్నా, ఇల్లు కట్టే చోటికి ఇసుక, కంకర తెచ్చే నాలుగు లారీలే రోడ్డును ఎక్కువ నలగ్గొడతాయి. చిన్న వీధిలో భారీ బండ్లకు సమయం, దారి నిర్ణయించమని అడగడం కూడా రోడ్డు నిర్వహణలో భాగమే.

మార్కులు వేయండి, వరుస మాత్రం తిప్పి చూడండి

చూసింది చూసినట్టు రాసుకుంటే సరిపోదు, పోల్చుకోవడానికి ఒక అంకె కావాలి. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం చిన్న స్థానిక సంస్థల కోసం ‘పేసర్’ అనే పద్ధతి తయారు చేసింది. పరికరాలు అక్కర్లేదు, కంటితో చూసి 1 నుంచి 10 వరకు మార్కు వేయడమే. 10 అంటే కొత్త రోడ్డు, 1 అంటే పూర్తిగా పాడైనది. మీరు అంత వివరంగా పోనక్కర్లేదు. వీధిని 50 మీటర్ల ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకు మూడింట్లో ఒక గుర్తు పెట్టండి: బాగుంది, చెడిపోబోతోంది, చెడిపోయింది.

ఇప్పుడు చాలామందికి నచ్చని మాట చెప్పాలి. ముందుగా పని అడగాల్సింది రెండో రకానికి. చెడిపోయిన ముక్కకు ఈ ఏడాది చేసినా వచ్చే ఏడాది చేసినా దాదాపు ఒకే పని: తవ్వి మళ్లీ వేయడం. చెడిపోబోతున్న ముక్కకు ఈ ఏడాది నెర్రెలు మూసి పలుచని పూత వేస్తే చాలు, వదిలేస్తే వచ్చే ఏడాదికి అదీ తవ్వకం జాబితాలోకి చేరుతుంది. అధ్వానంగా ఉన్నవాటికే ముందు వరుస అనే పద్ధతి వినడానికి న్యాయంగా ఉంటుంది, లెక్క వేస్తే మాత్రం డబ్బంతా కొద్దిపాటి రోడ్ల మీద ఖర్చయి మిగిలినవన్నీ ఒక్కొక్కటిగా కూలుతుంటాయి. ప్రాణం మీదికి వచ్చే గుంతకు, విరిగిన మ్యాన్‌హోల్ మూతకు ఈ వరుస వర్తించదు. వాటిని ఆ రోజే అడ్డు పెట్టించి పూడ్పించాలి.

ఫిర్యాదును ఇంజినీరు వాడుకునేలా రాయండి

‘రోడ్డు దారుణంగా ఉంది, వెంటనే బాగు చేయండి’ అని రాస్తే దాన్ని ఏం చేయాలో చదివినవారికి తెలియదు. చోటు, కొలత, కారణం, కోరే పని అనే నాలుగూ ఉండాలి. నమూనా ఇలా ఉండొచ్చు:

‘ఫలానా వీధిలో, ఫలానా నంబరు స్తంభానికి ఎదురుగా, ఎడమ అంచున 12 మీటర్ల పొడవునా మొసలి వీపు నెర్రెలు ఉన్నాయి. రెండు చోట్ల పల్లం పడింది, లోతు 45 మిల్లీమీటర్లు. వాన వెలిసిన గంట తర్వాత కూడా ఇక్కడ నీరు నిలుస్తోంది, పక్క జాలీ మట్టితో మూసుకుపోయి ఉంది. ముందు జాలీ శుభ్రం చేయించి, ఆ తర్వాత ఈ భాగాన్ని అడుగు పొర వరకు తీసి తిరిగి వేయించగలరు. ఫోటోలు జతచేశాను. రోడ్డు వేసిన తేదీ, లోపాల బాధ్యత గడువు తెలియజేయగలరు.’

లోతు కొలవడం తేలిక. గుంత మీద అడ్డంగా వంకర లేని ఒక కర్ర పెట్టి, దాని అడుగు నుంచి గుంత అడుగుకు స్కేలుతో కొలవండి. స్కేలు కనిపించేలా ఒక ఫోటో, చుట్టుపక్కల గుర్తు తెలిసేలా దూరం నుంచి ఇంకొకటి తీయండి. బ్రిటన్‌లో చాలా స్థానిక సంస్థలు రోడ్డు మీద 40 మిల్లీమీటర్లు, కాలిబాట మీద 20 మిల్లీమీటర్ల చుట్టుపక్కల లోతును చర్య తీసుకోవాల్సిన హద్దుగా పాటిస్తాయి. మీ స్థానిక సంస్థకు అలాంటి హద్దు ఉందేమో అడగండి. లేకపోతే పెట్టుకోమని అడగడమే ఒక మంచి కోరిక, ఎందుకంటే కొలత ఉన్న చోట ‘అంత పెద్దదేమీ కాదులే’ అనే మాట చెల్లదు.

ఫిర్యాదు యాప్ ఉంటే వాడండి, రసీదు నంబరు దాచుకోండి. బ్రిటన్‌లో మైసొసైటీ సంస్థ 2007లో మొదలుపెట్టిన ఫిక్స్‌మైస్ట్రీట్ వెబ్‌సైట్‌లో ఒకరి ఫిర్యాదు అందరికీ మ్యాపు మీద కనిపిస్తుంది. ఈ బహిరంగతే దాని బలం. పనికాకుండానే ‘పరిష్కరించాం’ అని మూసేస్తే కొత్త ఫోటోతో అదే నంబరును తిరిగి తెరిపించండి. కొత్త ఫిర్యాదు పెడితే గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. జవాబు రాకపోతే, సమాచార హక్కు చట్టం ఉన్న చోట అంచనా, వర్క్ ఆర్డర్, కొలతల పుస్తకం నకళ్లు కోరండి.

ఒక జాగ్రత్త. బోస్టన్ నగరం 2012లో ‘స్ట్రీట్ బంప్’ అనే యాప్ తెచ్చింది. కారులో ఫోను పెడితే కుదుపులను బట్టి గుంతలను అదే గుర్తించేది. స్మార్ట్‌ఫోన్లు ఎక్కువగా ఉన్న ప్రాంతాల గుంతలే లెక్కకెక్కి, పేదలూ వృద్ధులూ ఉండే వీధులు వెనకబడతాయన్న ప్రశ్న అప్పుడే వచ్చింది. ఫిర్యాదుల మీద నడిచే ఏ వ్యవస్థకైనా ఈ లోపం ఉంటుంది. మీ వీధి పని చూసుకున్నాక, అడిగేవారు లేని పక్క వీధిని కూడా నడిచి జాబితాలో చేర్చండి.

మరమ్మతు జరిగేటప్పుడు అక్కడ ఉండండి

ఇదే అన్నిటికన్నా ఫలితమిచ్చే పని, కానీ మనలో చాలామంది చేయనిదీ ఇదే. పోట్లాడాల్సిన అవసరం లేదు, చూస్తూ నిలబడి మర్యాదగా ప్రశ్న అడిగితే చాలు. సరైన అతుకు వేసే క్రమం ఇది:

1. గుంత చుట్టూ బలహీనపడిన భాగాన్ని కూడా కలుపుకొని, గట్టి రోడ్డు వచ్చేవరకు, నిటారు అంచులతో చతురస్రంగానో దీర్ఘచతురస్రంగానో కోయాలి.
2. లోపలి నీరు, బురద, వదులు రాళ్లు పూర్తిగా తీసి ఆరబెట్టాలి.
3. అడుగునా, పక్క గోడలకూ పలుచగా అంటు తారు పూయాలి. ఇది లేకపోతే కొత్త ముక్క పాతదాన్ని పట్టుకోదు.
4. లోతు ఎక్కువైతే ఒకేసారి నింపకుండా పొరలుగా పోసి, ఒక్కో పొరనూ రోలరుతోనో కంపన పలకతోనో అణచాలి.
5. పూర్తయ్యాక అతుకు రోడ్డు కన్నా కొద్ది మిల్లీమీటర్లు ఎత్తుగా ఉండాలి, బండ్లు తిరిగే కొద్దీ అణుగుతుంది. చివరగా అంచుల చుట్టూ తారుతో మూయాలి.

వేడి తారు మిశ్రమం చల్లారిపోయాక అణచలేం. లారీలో తెచ్చిన మిశ్రమం గంటల తరబడి ఎదురుచూసి ముద్దలు కట్టి ఉంటే దాన్ని వేయడం కన్నా వెనక్కి పంపడం మేలు.

వానల్లో ఇంత పద్ధతిగా చేయడం కుదరదు. అప్పుడు చల్లని మిశ్రమంతో తాత్కాలికంగా పూడుస్తారు. అదీ తీసిపారేయాల్సిందేమీ కాదు. అమెరికాలో 1990లలో ఎస్‌హెచ్‌ఆర్‌పీ అనే రహదారుల పరిశోధన కార్యక్రమం కింద రకరకాల అతుకులను పోల్చి చూశారు. మంచి మిశ్రమం వాడి, దాని మీద లారీ చక్రాలను నాలుగు నుంచి ఎనిమిదిసార్లు నడిపించిన అతుకులు, పోల్చిన చోట్ల, అంచులు కోసి శ్రద్ధగా వేసిన వాటికి దీటుగా నిలిచాయి. కాబట్టి వానాకాలంలో ‘ఏ మిశ్రమం? మీద చక్రం నడిపారా?’ అనే రెండు ప్రశ్నలు అడగండి. మట్టి, ఇటుక ముక్కలు పోస్తుంటే మాత్రం ఒప్పుకోవద్దు, అది తర్వాతి వానకు బురదే.

రోడ్డు మొత్తానికి కొత్త పొర వేస్తున్నారంటే ఇంకో ప్రశ్న ముఖ్యం: పాత పొరను గీకి తీస్తున్నారా? తీయకుండా పొర మీద పొర వేస్తూ పోతే రోడ్డు ఇంటి గడపల కన్నా, కాలిబాట కన్నా ఎత్తుకు చేరుతుంది. వాననీరు ఇళ్లలోకి మళ్లుతుంది, మ్యాన్‌హోల్ మూతలు గుంతల్లో మిగిలిపోతాయి, లేదా తారు కింద పూడిపోతాయి. గీకిన తారును తిరిగి వాడుకోవచ్చు కూడా. సిమెంటు కాంక్రీటు రోడ్డయితే వేసిన తర్వాత కనీసం ఏడు రోజులు తడిగా ఉంచుతున్నారో లేదో చూడండి. కాంక్రీటు బలాన్ని 28 రోజుల వయసులో లెక్కిస్తారు, తొందరపడి లారీలు వదిలితే ఆ బలం రాకముందే పగులుతుంది.

తవ్వకాలపై కన్నేసి ఉంచండి

కొత్త రోడ్డు వేసిన నెలకే కేబులు కోసమో పైపు కోసమో తవ్వడం చూసి అందరూ నవ్వుకుంటారు, ఎవరూ కాగితం పెట్టరు. రోడ్డు పని మంజూరైందని తెలియగానే నీళ్లు, మురుగు, విద్యుత్, టెలిఫోన్, గ్యాస్ సంస్థలకు తమ పనులు ముందే ముగించుకోమని నోటీసు ఇచ్చారా అని స్థానిక సంస్థను అడగండి. మీరూ, ఇరుగుపొరుగూ కొత్త కనెక్షన్లు తీసుకోవాలనుకుంటే అప్పుడే తీసుకోండి. తవ్వినవారు పూడ్చే తీరునూ చూడాలి. తీసిన మట్టిని ఒక్కసారిగా తోసేస్తే అది నెలల తరబడి కుంగుతూనే ఉంటుంది. 15 సెంటీమీటర్ల చొప్పున పొరలుగా వేసి అణచాలి. తవ్వకానికి ఇచ్చిన అనుమతి తేదీ, సంస్థ పేరు ఫోటోతో పాటు దాచుకుంటే, ఆరు నెలల తర్వాత అక్కడ కుంగినప్పుడు ఎవరిని అడగాలో తెలుస్తుంది.

కాలిబాటను రోడ్డుకు అనుబంధంగా చూడొద్దు

కాలిబాటను కొలవాలంటే చక్రాల కుర్చీనో, పిల్లల తోపుడు బండినో తోసుకుంటూ ఒక చివర నుంచి మరో చివరకు వెళ్లండి. ఎక్కడ దిగాల్సి వచ్చిందో అదే మీ లోపాల జాబితా. స్తంభాలు, చెట్లు, పెట్టెలు పోను అడ్డం లేని వెడల్పు ఎంత మిగిలింది? అమెరికా వికలాంగుల హక్కుల చట్టం ప్రమాణాల్లో కనీస వెడల్పు 36 అంగుళాలు, ఇద్దరు ఎదురెదురుగా రావాలంటే ఇది చాలదు. అడ్డవాలు 2 శాతానికి మించితే కుర్చీ పక్కకు లాగుతుంది. రోడ్డుకు దిగే ర్యాంపు 12 అడుగుల పొడవుకు ఒక అడుగు ఎత్తు కన్నా నిటారుగా ఉండకూడదు. మూలన ర్యాంపు లేకపోతే ఎంత చక్కని కాలిబాట అయినా కొందరికి అక్కడితో ఆగిపోతుంది.

గీతలూ బొడిపెలూ ఉన్న పసుపు పలకలు చాలా చోట్ల అలంకారంగా మిగిలిపోయాయి. చూపులేనివారికి దారి చెప్పడానికి జపాన్‌కు చెందిన సెయీచీ మియాకే వీటిని రూపొందించారు, మొదటిసారి 1967లో ఒకాయామా నగరంలో వేశారు. బొడిపెలు ఆగమనీ, గీతలు ముందుకు సాగమనీ చెబుతాయి. మరమ్మతు చేసినవారు వీటిని తారుమారు చేసినా, గీతలు నేరుగా స్తంభం మీదికి తీసుకెళ్లినా ప్రమాదమే. అది కనిపిస్తే ఫిర్యాదులో ప్రత్యేకంగా రాయండి.

చెట్టు వేరు పలకలను లేపితే చాలామంది వేరు నరికేయమంటారు. పెద్ద వేరు నరికితే చెట్టు పట్టు కోల్పోయి గాలికి పడే ప్రమాదం ఉంది. పలకలు తీసి, వేరు మీదుగా మెల్లగా ఎక్కి దిగే వాలు ఇవ్వడం, లేదా చెట్టు చుట్టూ మట్టిని తెరిచి ఉంచి బాటను కాస్త పక్కకు మళ్లించడం మంచి పరిష్కారాలు. కాంక్రీటు ఇటుకల బాట అయితే పని ఇంకా సులువు. ఇటుకలు తీసి, ఇసుక పరుపు సరిచేసి అవే తిరిగి పేర్చవచ్చు. అవి కదలడానికి ఎక్కువసార్లు కారణం అంచుకట్టు విరగడం గానీ సందుల్లో ఇసుక పోవడం గానీ. ఆ రెండూ ముందు చూడమనండి.

కాలిబాట దయాధర్మం మీద దొరికేది కాదని గుర్తు చేయాల్సి వస్తే ఒక ఉదాహరణ ఉంది. శాక్రమెంటో నగరంపై వచ్చిన కేసులో 2002లో అమెరికా అప్పీళ్ల కోర్టు, కాలిబాటలు కూడా నగరం అందించే సేవేనని, వాటికి వికలాంగుల చట్టం వర్తిస్తుందని చెప్పింది. తర్వాత జరిగిన ఒప్పందంలో ఆ నగరం తన రవాణా నిధుల్లో 20 శాతాన్ని 30 ఏళ్ల వరకు కాలిబాటల అందుబాటుకు కేటాయించడానికి ఒప్పుకుంది.

బడ్జెట్ రాసే ముందే అడగండి

బడ్జెట్ ఆమోదం పొందాక వెళ్తే ‘నిధుల్లేవు’ అనే జవాబు నిజమే అవుతుంది. ముసాయిదా తయారయ్యే నెలలు ఏవో తెలుసుకొని, మీ మార్కుల జాబితా, మ్యాపు పట్టుకొని అప్పుడే ప్రతినిధినీ, ఇంజినీరునూ కలవండి. కొత్త రోడ్లకు, నిర్వహణకు వేర్వేరు పద్దులు ఉండాలని అడగండి. ఒకే పద్దులో ఉంటే శంకుస్థాపన ఫలకం పెట్టుకోగల పనికే డబ్బు పోతుంది, జాలీల శుభ్రతకు ఫలకం పెట్టరు కదా. అడగాల్సినవి పెద్ద కోరికలు కానక్కర్లేదు: వానలకు ముందు కాలువలు, జాలీలు శుభ్రం చేయడం, ఏటా పొడి చల్లని రోజుల్లో నెర్రెలు మూయడం, ఏడాదికోసారి అన్ని వీధులకూ మార్కులు వేసి ఆ జాబితా బయట పెట్టడం. చలికి నెర్రెలు బాగా తెరుచుకొని ఉంటాయి, అప్పుడు మూస్తేనే తారు లోపలికంటా దిగుతుంది.

కాంట్రాక్టరు బాధ్యత గడువు ముగిసే తేదీని ఫోనులో గుర్తు పెట్టుకోండి. దానికి రెండు నెలల ముందే ఇంజినీరుతో కలిసి వీధి మొత్తం మరోసారి నడవండి. కనిపించిన లోపాలన్నీ రాయించి, ఇద్దరూ సంతకాలు చేసి, ఒక నకలు మీ దగ్గర పెట్టుకోండి. కాంట్రాక్టరు డిపాజిట్ వెనక్కి వెళ్లకముందే ఆ జాబితా ఫైలులో చేరిందో లేదో ఆ వారమే వెళ్లి చూడండి.